నేను ‘ఏం కాదు’ అన్న మధ్యాహ్నం

మూడు నెలలుగా మా వాళ్లు నన్ను తెగ పొగుడుతున్నారు. పొగిడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది.

సంగతేమిటంటే, మా తమ్ముడి కూతురికి నాలుగేళ్లు. పుట్టుకతోనే దానికి రక్తం ఆగని జబ్బు. ఎముక మజ్జ మార్పిడి చేస్తే నయం కావచ్చన్నారు. ఇవ్వడానికి ఇంట్లో ఎవరిది సరిపోతుందో పరీక్ష చేశారు. నాది సరిపోయింది. ఆ కబురు తెలిసిన పూటే మా అమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంది. సిరిసిల్ల చుట్టాలకీ, భివండీ చుట్టాలకీ ఒకటే మాట: "మా నడిపిదాని సదువే మా పొల్లను బతికిస్తున్నది." ఆ నడిపిదాన్ని నేనే. నాకు పైన అక్క, కింద తమ్ముడు. సూరత్‌లోని లింబాయత్‌లో మా అమ్మ వాళ్ల వీధి మొదట్లో కూరగాయలమ్మే గుజరాతీ ఆవిడ కూడా మొన్న నన్ను ఆపి, నా తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు పొగిడినా ముందు వాళ్ల ముఖంలోకి చూస్తున్నాను, వీళ్లకేమైనా తెలుసా అని.

నా చదువు ఆ పిల్లను బతికిస్తోందట! ఆరేళ్ల కిందట ఆ చదువుకి ఒకే ఒక్క పని పడింది. నోరు తెరిచి ‘వద్దు’ అనాలి. నేను అనలేదు.

నేను మూలకణాల మీద పనిచేసే ఒక చిన్న ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తాను. మెడలో వేలాడే కార్డు మీద పరిశోధకురాలు అని ఉంటుంది గానీ రోజూ చేసేది పసిపిల్లల పెంపకం లాంటిదే. జబ్బున్న మనిషి దగ్గర తీసుకున్న రక్తంలోని కణాన్ని వెనక్కి నడిపించి, ఇంకా ఏ పనీ నేర్వని పసికణంగా మారుస్తాం. తర్వాత దానికి ప్లేట్‌లెట్లు పుట్టించే పని నేర్పుతాం. గాయమైనచోట రక్తాన్ని ఆపేవి ఆ ప్లేట్‌లెట్లే. అవి ఎందుకు పని చెయ్యవో, ఎక్కడ సరిచేస్తే పని చేస్తాయో గిన్నెల్లో చూస్తాం. కణాలకి ఆదివారాలుండవు. దీపావళికి సూరత్‌లో బట్టల మార్కెట్లు, ఖాతాలు అన్నీ మూతపడి ఊరు సగం ఖాళీ అయినా నేను ఉండే ఆల్థాన్ నుంచి బండి వేసుకుని వెళ్లి వాటికి తిండి మార్చి వస్తాను. ఖాతా అంటే ఇక్కడ లెక్కల పుస్తకం కాదు, మగ్గాలు నడిచే షెడ్డు. నేను అలాంటి ఒక ఖాతా చప్పుడులో పుట్టి పెరిగాను.

మా తాత సిరిసిల్లలో చేతిమగ్గం నేశాడు. మా బాపు సూరత్ వచ్చి పవర్‌లూమ్ నడిపాడు. మా తమ్ముడి కాలానికి ఆ పాత మగ్గాలు పాత ఇనుము కింద తూకానికి పోయి, నీళ్ల ధారతో పోగు విసిరే వాటర్‌జెట్‌లు వచ్చాయి. పుస్తకాల్లో దీన్ని దీర్ఘకాలిక ఆర్థిక మార్పు అంటారట. మా ఇంట్లో దానికి ఆ పేరు లేదు. మార్పు వచ్చినప్పుడల్లా మా వాళ్లు ఒకటే చేశారు, పిల్లలకి దగ్గర్లోనే సంబంధం కుదిర్చారు. మగ్గం చేయి జారకూడదంటే మనిషి చేయి జారకూడదు. మా నాయనమ్మది మేనరికం. మా అమ్మది మేనరికం. మా అమ్మ మాట ఒకటుంది: "పొల్ల ఇంట్లనే ఉంటది, మగ్గం ఇంట్లనే ఉంటది."

నా వంతు ఇరవయ్యో ఏట వచ్చింది. మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, ఆయనకిద్దామన్నారు. మంచివాడే. నన్ను చిన్నప్పుడు సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని బార్డోలీ దాకా చెరుకు తినడానికి తీసుకెళ్లినవాడు. నేను బీఎస్సీ పుస్తకం తెచ్చి, అందరూ అన్నం తింటున్న చోట తెరిచి పెట్టి, ‘దగ్గరి రక్తంలో చేసుకుంటే పిల్లలకి పుట్టుజబ్బులొస్తాయి, చూడండి’ అని గట్టిగా అరిచాను. జబ్బుల భయం కొంత నిజమే. కానీ పై చదువు చదవాలన్నది అంతకంటే పెద్ద నిజం. అది చెప్తే ఎవరూ వినరని, వాళ్లు కాదనలేని పుస్తకాన్ని అడ్డం పెట్టాను. నెగ్గాను.

నెగ్గినదానికి బాపు మూల్యం చెల్లించాడు. మామయ్య వాళ్లు తమ ఖాతాలోంచి మా మగ్గాల్ని బయటికి తీయించారు. మా ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. బాపు ఉన్నన్ని రోజులు వేరేవాళ్ల మగ్గాల మీద కూలికి నేశాడు. మా అమ్మ పండగ పూట అరిసె నా చేతిలో పెడుతూ కూడా అనేది: "నీ పుస్తకం నా తమ్మున్ని నాకు గాకుంట జేసింది." ఏళ్ల తరబడి ఆ మాట విన్నాను.

ఇక ఆ మధ్యాహ్నం గురించి. ఆరేళ్ల కిందట, ఎండాకాలం. తమ్ముడు, మా బావ (అక్క భర్త) ఒకే షెడ్డులో మగ్గాలు నడిపేవాళ్లు. పాత మగ్గాల గుడ్డ కొనేవాళ్లు లేక సగం మగ్గాలు ఆగిపోయాయి. ఇద్దరూ కలిస్తేనే కొత్త యంత్రాలు దించగలరు. కలవాలంటే మధ్యలో నమ్మకం కావాలి. నమ్మకానికి మా వాళ్లకి తెలిసిన దారి ఒకటే. అక్కకి ఒక్కతే కూతురు. దాన్ని తమ్ముడికి చేద్దామన్నారు. మేనమామకి మేనకోడలు, కొత్తేముంది?

ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది. సెలవుల్లో నాతో ప్రయోగశాలకి వచ్చి, మైక్రోస్కోప్‌కి కన్ను అంటించి గంటసేపు కదిలేది కాదు. అప్పటికి బీఎస్సీ ఆఖరి ఏడాదిలో ఉంది.

అక్క, అమ్మ, నేను ముందు గదిలో కూర్చున్నాం. బావ, తమ్ముడు షెడ్డులో ఉన్నారు. పిల్ల వంటింట్లో టీ పెడుతోంది. అక్క నా పక్కకి జరిగి గొంతు తగ్గించి అడిగింది.

"ఏందే, నువ్వు రక్తాల సంగతే గద సదివినవ్. పొల్లను తమ్మునికిస్తె రేపు పిల్లజెల్లలకు ఏమన్న అయితదా? నిజం జెప్పు."

అమ్మ నా వైపు చూసింది. ‘ఒకసారి ఇల్లు కూల్చావు, మళ్లీ కూలుస్తావా’ అని ఆ చూపు. అక్క అడిగినదానికి జవాబు నాకు తెలుసు. ఆ పూట కూడా నేను దగ్గరి బంధువుల బిడ్డల రక్తంతో పనిచేసి వచ్చాను. కాగితాల మీద ఆ వరస చూసీ చూసీ కంఠతా వచ్చింది. ప్రతి మేనరికంలోనూ జబ్బు రాదన్నదీ నాకు తెలుసు. ఆ రెండో నిజాన్ని చేతికి తీసుకున్నాను.

"ఏం గాదక్కా," అన్నాను. "మన నాయనమ్మది మేనరికమే గద. అందరికి అయితదా ఏంది?"

అమ్మ ముఖం వెలిగిపోయింది. ఏళ్ల తర్వాత మా అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ చెయ్యి కోసమే అన్నాను ఆ మాట. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ నిజం అదే. ఒక పరీక్ష చేయించమని చెప్పొచ్చు, కొన్నాళ్లు ఆగమని చెప్పొచ్చు. అదీ చెప్పలేదు. నా పెళ్లికి అడ్డంపెట్టుకున్న పుస్తకాన్ని ఆ పిల్ల పెళ్లికి తెరవలేదు. ఇంతకంటే నీచం ఇంకేముంటుంది?

పెళ్లయింది. యంత్రాలు దిగాయి. పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేస్తున్నప్పుడు నేను ఎత్తుకున్నాను. వీపు మీద, తొడ మీద నల్లగా కమిలిన మచ్చలు. "మచ్చలే, పోతయి తియ్యి," అంది అక్క. ఎత్తుకుంటే వేళ్లు తగిలినచోట అలా కమిలితే అవి పుట్టుమచ్చలు కావు. అయినా పాపని తొట్టెలలో పడుకోబెట్టి పాట అందుకున్నాను.

పదకొండో నెలలో చెవులు కుట్టించారు. చెవులు కుట్టే కంసాలి, అవుసులాయన ఇంటికొచ్చాడు. బిడ్డని మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి కదా, మా అమ్మ నవ్వాపుకోలేక పోయింది. "దీనికి మామ యాడున్నడు? వాళ్లమ్మ మామనే దీని బాపాయె!" అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆపమని చెప్పడానికి నాకు అర నిమిషం చాలు. కానీ ఎందుకు ఆపాలని అడుగుతారు, ఎప్పటినుంచి అనుమానం అని అడుగుతారు, చివరికి ఆ మధ్యాహ్నం దాకా వస్తారు. ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి పసిదాని చెవి కుట్టనిచ్చాను.

రక్తం ఆగలేదు. పసుపు అద్దారు, కాఫీపొడి అద్దారు, దూది పెట్టి పట్టుకున్నారు. మర్నాటికీ కారుతూనే ఉంది. మొదట చూసిన డాక్టరు ప్లేట్‌లెట్ల సంఖ్య బాగానే ఉందన్నాడు. అప్పుడు తప్పక నోరు విప్పి, ‘సంఖ్య కాదు, అవి ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయో లేదో చూడండి’ అన్నాను. పట్టుకోవడం లేదు. లెక్కకి అన్నీ ఉన్నాయి, పనికి ఒక్కటీ రాదు. నన్ను మొదటిసారి పొగిడింది ఆ రోజే. నేను చెప్పబట్టే జబ్బు దొరికిందట.

పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన రోజు ఇంకా గుర్తుంది. గుజరాతీ ఆవిడ, వయసు మళ్లింది. మా ఇంటి మనుషుల్ని గుండ్రాలూ చదరాలూ వేసి గీస్తూ పోయింది. పాప తల్లికి పాప తండ్రి పెళ్లికి ముందు ఏమవుతాడని అడిగింది. మేనమామ అని చెప్పింది మా పిల్ల, పాప తల్లి. ఆవిడ కలం ఆగిపోయింది. గుజరాతీలకి మేనమామ అంటే తండ్రి తర్వాత తండ్రి, అక్కడ పెళ్లి మాటే పాపం.

"సగా మామా?" అంది. సొంత మేనమామేనా అని. తర్వాత కళ్లజోడు తీసి, నెమ్మదిగానే అడిగింది, "తమారా ఘర్‌మా కోయీఏ నా న పాడీ?" మీ ఇంట్లో ఎవ్వరూ వద్దనలేదా?

మా పిల్ల ఒళ్లో పాప కాలిపట్టీ సరిచేస్తూ తల వంచుకుంది. నా వైపు చూడలేదు. చూడలేదు కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను, సిగ్గులేనిదాన్ని. డాక్టరమ్మ నా కార్డు చూసి, మీరు వీళ్లకి ఏమవుతారని అడిగితే, "ఫోయీ," అన్నాను. పాపకి మేనత్తని. అమ్మకి పిన్నినని కూడా చెప్పాల్సింది. ఆ వరస మింగేశాను.

తర్వాతి మూడేళ్లు ఆ ఇంట్లో ఎలా గడిచాయో దూరం నుంచి చూసినవాళ్లకి తెలియదు. బల్లల మూలలకీ మంచం కోళ్లకీ మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డ చుట్టారు. పాపకి బ్రష్ లేదు, తడిగుడ్డ వేలికి చుట్టి పళ్లు తోమాలి. గోళ్లు కత్తిరించకూడదు, ఆకురాయితో అరగదియ్యాలి. ముక్కులోంచి రక్తం మొదలైతే ఆస్పత్రికి పరుగు, ఇంకొకరి ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. ఎక్కించినకొద్దీ ఒంటికి అవి పడకుండా పోయే ప్రమాదం. మా ప్రయోగశాలలో ఇదే జబ్బున్న కణాన్ని సరిచేసి, గిన్నెలో ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకోవడం కళ్లారా చూశాను. చూసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. గిన్నెలోంచి పిల్ల ఒంట్లోకి రావడానికి ఇంకెన్నేళ్లో ఎవరికీ తెలియదు. ఆలోగా ఉన్న దారి మజ్జ మార్పిడి ఒక్కటే.

ఇక ఆ పెళ్లి ఏ యంత్రాల కోసం చేశారో అవి? నాలుగేళ్లు కూడా నిలవలేదు. ఇంకా వేగంగా నడిచేవి వచ్చాయి, వీటిని అమ్ముకున్నారు. బావ చీరలు మడతపెట్టే దుకాణంలో కూర్చుంటున్నాడు. తమ్ముడు పాండేసరలో ఒక రంగుల మిల్లులో సూపర్‌వైజరు. మగ్గం ఇంట్లో ఉండాలని పిల్లని ఇంట్లో ఉంచారు. మగ్గాలు పోయాయి, ఆ పిల్ల రక్తంలో మాత్రం మా ఇల్లు ఉండిపోయింది.

పరీక్షల్లో నాది సరిపోవడానికి కారణం కూడా అదే. మామూలుగా తోబుట్టువుల్లో వెతుకుతారు, మేనత్తది కలవడం అరుదు. మా ఇంట్లో తల్లివైపు, తండ్రివైపు అంతా ఒకే అమ్మానాన్నల సంతానం కాబట్టి నాది అచ్చంగా కలిసింది. ఆ జబ్బుది ఒక పాలు నాలోనూ ఉందట, ఇవ్వడానికి అది అడ్డు కాదన్నారు. అమ్మ ఇదంతా విని, "సూసినవా, మేనరికం జెయ్యబట్టే గద గిప్పుడు పనికొచ్చింది," అంది. ఆ మాటకి నాకు పిచ్చికోపం వచ్చి చేతిలో గ్లాసు నేలకేసి కొట్టాను. అందరూ బిత్తరపోయారు. మజ్జ తీస్తారని భయపడుతోంది పాపం అనుకున్నారు.

ఇక మింగలేక కక్కలేక ఉండలేకపోయాను. మజ్జ మార్పిడికి రేపు అహ్మదాబాద్ ప్రయాణమనగా, నిన్న మధ్యాహ్నం లింబాయత్ వెళ్లాను. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. మా పిల్ల పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని గోళ్లు అరగదీస్తోంది. పెళ్లయ్యాక వరసకి నేను వదినెని, కానీ అది నన్ను ఎప్పుడూ చిన్నమ్మా అనే పిలిచింది.

"నీకొక మాట జెప్పాలె," అన్నాను.

దాని ముఖం పాలిపోయింది. "మజ్జ ఇయ్యనంటవా?"

"థూ, అవేం మాటలే! అది గాదు."

"హాశ్," అని గుజరాతీవాళ్లలా గుండె మీద చెయ్యి వేసుకుంది. "సాలు మరి. ఇగ నువ్వేం జెప్పినా నాకేం గాదు."

చెప్పాను. అక్క అడగడం, నేను జవాబివ్వడం, తెలిసీ అనడం, అమ్మ చెయ్యి కోసం అనడం. తొట్టెల నాడు మచ్చలు చూసి నోరు మూసుకోవడం, చెవులు కుట్టనివ్వడం. ఒక్కటీ దాచలేదు. చెప్తుంటే ఏడుపొచ్చింది. పాప నా ముఖం చూసి తన గౌను అంచుతో నా చెంప తుడవబోయింది. నేను ఆనాడు వద్దని ఉంటే ఈ పిల్లే లేదు. ఈ పిల్ల లేకపోవాలని నేనెలా కోరుకోగలను? కోరుకోలేను. తప్పు మాత్రం తప్పే, అది ఎటు తిప్పినా మారలేదు.

"నన్ను తిట్టు," అన్నాను. "కొట్టినా పడ్త. గట్ల సప్పుడుజెయ్యకుంట కూసోకు."

అది ఆకురాయి ఆపలేదు. ఒక వేలు పూర్తిచేసి, ఊది, ఇంకో వేలు పట్టుకుంది.

"నాకు తెల్సు చిన్నమ్మా," అంది. "వంటింట్ల నిలబడి అంత ఇన్న."

నేను ముందుకి జరిగి దాని ముఖంలోకి చూశాను.

"అమ్మకు గసొంటి అనుమానం యాడికెళ్లి వస్తది? అమ్మకేం తెల్సు రక్తాల గురించి? నేనే జెప్పి పంపిన. చిన్నమ్మనడుగు, పిల్లలకేమన్న అయితదేమో అడుగు అని." కళ్లెత్తి నా వైపు చూసింది. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "నాకు ఎమ్మెస్సీ సదవాలనుండె. నేను వద్దంటె ఈ ఇంట్ల ఎవ్వలింటరు? నువ్వంటె ఇంటరు. నువ్వు అన్నవ్ గద ఒకపారి, మొత్తం ఇల్లు ఎదురు తిరిగినా. నువ్వు వద్దంటవని నాకు పక్కా ఉండె. అందుకే టీ పోసుకుంట నిమ్మలంగ నిలబడ్డ."

పాప రెండో చెయ్యి చాపింది. అది ఆ చేతిని అందుకుంది.

"నువ్వు ఏం గాదన్నవ్," అంది. "ఇగ నేను ఎవ్వల్నడగాలె చిన్నమ్మా?"